విప్పి చూసుకునే హక్కు రైతుకు లేదా?

మా పెరట్లో పది అడుగుల రేకుల షెడ్డు ఒకటి ఉంది. దానికి మా ఇంటావిడ పెట్టిన పేరు పాతసామాన్ల కొట్టు. కాలిపోయిన టేబులు ఫ్యాన్లు, మోపెడ్ చైన్లు, పగిలిన సెల్‌ఫోన్లు, ట్రాన్సిస్టరు రేడియో డొక్కులు... ఊళ్లో పనికిరాదని పారేసింది ఏదైనా చివరికి మా పెరటికే చేరుతుందని ఆమె ఫిర్యాదు. అందులో అబద్ధం లేదు. పొలం పని లేని రోజుల్లో అక్కడ కూర్చుని ఏదో ఒకటి విప్పడం, బిగించడం నాకు పాతికేళ్ల అలవాటు. ఆ షెడ్డు కూడా నేను కట్టుకున్నదే. పాత ఇంటి ఇటుకలతో అరుగు, సెకండ్ హ్యాండ్ పైపులతో చట్రం వేశాను. మొదటిసారి వేసిన రేకులు గాలికి లేచి పక్కింటి కొబ్బరిచెట్టుకు తగులుకున్నాయి. హుక్కు బోల్టులు బిగించకుండా రేకు వేయకూడదని ఆ రోజు తెలిసింది.

ఇన్నాళ్లూ దీన్ని సరదా అనే చెప్పుకుంటూ వచ్చాను. 2023 డిసెంబరు మొదటి వారం తర్వాత ఆ మాట మానేశాను. రైతు తన యంత్రాన్ని తాను విప్పి చూసుకోగలగడం సరదా కాదు, అవసరం అని ఆ వారం నాకు అర్థమైంది. ఆ సంగతి నలుగురితో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఉప్పునీళ్లు చల్లిన రోజు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. భట్టిప్రోలు, కొల్లూరు, వేమూరు, అమృతలూరు ప్రాంతాల రైతులకు ఆ వారం ఎలా గడిచిందో కొత్తగా చెప్పనక్కర్లేదు. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో మునిగింది. కోయని వరి పడిపోయింది. నాకు ఎకరంన్నర పనల మీద ఉంది. మడిలో నీళ్లు పోవడానికి గట్టు తెగ్గొట్టి, పనలు తిరగేసి గట్ల మీదికి చేర్చే పనిలో ఇంటిల్లిపాదీ పడ్డాం.

తడిసిన కంకి మీద గింజ మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం పిచికారీ చేయమని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. లీటరు నీటికి 50 గ్రాములు. అంటే 16 లీటర్ల ట్యాంకుకు 800 గ్రాముల ఉప్పు. నిద్రావస్థ లేని వరి రకాలకైతే ఇది ఒక్కపూట కూడా వాయిదా వేయకూడని పని. ఉప్పు ఉంది. నీళ్లకు కొదవే లేదు. లేనిదల్లా కరెంటు. మా వీధికి మూడో రోజుకుగాని రాలేదు. చేతితో కొట్టే పాత స్ప్రేయర్లను ఎప్పుడో తూకానికి అమ్మేశాం. ఉన్నవన్నీ బ్యాటరీవే. తుపానుకు ముందు ఛార్జింగు పెట్టుకోవాలన్న ఆలోచన నాక్కూడా రాలేదు.

నా స్ప్రేయరును అంతకు ఏడాది ముందే ఒకసారి విప్పాను. స్విచ్చి చిలుము పట్టి పనిచేయకపోతే చిన్న స్విచ్చి కొని వేసుకున్నాను. అప్పుడే చూశాను. లోపల ఉన్నది పెద్ద విద్యేమీ కాదు. 12 వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న మోటారు పంపు, ఒత్తిడి పెరిగితే పంపును ఆపే స్విచ్చి, ఒక ఫ్యూజు. అంతే. మోటారు సైకిల్లో ఉండేదీ 12 వోల్టుల బ్యాటరీయే గదా! మా అబ్బాయి బండిలోది ఊడదీశాం. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు చూసి, మధ్యలో ఫ్యూజు ఉంచి తగిలించాం. పంపు గుయ్యిమంది. అది చిన్న బ్యాటరీ, ఆరేడు ట్యాంకులకు నీరసించింది. ఇంకో ఇద్దరి బళ్లలోవి తెచ్చాం. ఆ బళ్లను కిక్కు కొట్టి నడుపుకోమన్నాం. చీకటిపడే వేళకు నా పనలన్నిటి మీదా ఉప్పునీళ్లు పడ్డాయి.

మా పక్క చేను బాబాయిది. ఆయన స్ప్రేయరు నాదానికంటే కొత్తది, ఖరీదైనది, తేలికైనది. లిథియం బ్యాటరీ. దాని ప్లగ్గు ఆ కంపెనీ వాళ్లదే, మరొకటి పట్టదు. మూత బిగించిన స్క్రూలకు మన దగ్గరున్న స్క్రూడ్రైవరు ఏదీ సరిపోలేదు. ఎలాగో తెరిస్తే లోపల బోర్డంతా నల్లటి బంక పోసి గడ్డకట్టించి ఉంది. ఏ తీగ ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియదు. డీలరుకు ఫోను చేస్తే, ‘విప్పారా? అయితే వారంటీ పోయినట్టే’ అన్నాడట. బాబాయి గట్టుమీద చతికిలబడ్డాడు.

‘నీదానికంటే ఎక్కువ పెట్టి కొన్నా గదరా అబ్బాయ్, నాకీ ఖర్మేంది?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నా పని కాగానే నా స్ప్రేయరే ఆయనకు ఇచ్చాను. కాని అప్పటికే చీకటి పడింది. తెల్లారి మొదలుపెట్టాడు. నాలుగో రోజుకు ఆయన పనల్లో తెల్లటి మొలక కనపడింది. నాదీ పూర్తిగా దక్కిందని చెప్పను. అడుగున నానిన పనలు పోయాయి. అయితే నాకు దక్కినదానికీ ఆయనకు దక్కినదానికీ తేడా తెలివిలో లేదు, కష్టంలో లేదు. ఒక మూత తెరుచుకుంది, ఇంకో మూత తెరుచుకోలేదు. తేడా అంతే.

మూత మీద స్టిక్కరు

మన తాతల కాలంలో నాగలి, గొర్రు, గుంటక ఊళ్లోనే పుట్టేవి. వడ్రంగి కర్ర చెక్కేవాడు, కమ్మరి కర్రు సాగగొట్టేవాడు. విరిగితే అదే పూట బాగయ్యేది. తర్వాత ఆయిలింజను వచ్చింది. అది సీమ నుంచి వచ్చిన సరుకే అయినా నాలుగు సీజన్లు తిరిగేసరికి మన ఊరి కుర్రాళ్లే నాజిల్ విప్పి శుభ్రం చేయడం, గాస్కెట్టు మార్చడం నేర్చారు. రేడియో సంగతీ అంతే. విజయవాడ ఆకాశవాణిలో వ్యవసాయ కార్యక్రమం వినే వేళకు సెట్టు మొరాయిస్తే, టంకం ఇనుము పట్టుకోగల కుర్రాడు వీధికి ఒకడైనా ఉండేవాడు.

ఇప్పుడు వస్తున్న సరుకు వేరు. మోటారును సెల్‌ఫోనుతో ఆన్ చేసే స్టార్టర్లు, సోలారు లైట్లు, బ్యాటరీ స్ప్రేయర్లు, డ్రోన్లు. వీటిని నేను తిట్టడం లేదు. అర్ధరాత్రి త్రీఫేజు కరెంటు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య మోటారు దగ్గరికి నడిచినవాడికి ఫోను స్టార్టరు విలువ తెలుసు. నేనూ ఇలాంటివి ఇష్టపడేవాణ్నే. అద్దం పగిలిన పాత ఫోనును గొడ్ల చావిట్లో దూలానికి కట్టి, గేదె ఈనే రోజుల్లో మంచం మీద నుంచే చూసుకుంటున్నాను. ఈ ఒక్క పనికి మాత్రం మా ఇంటావిడ నన్ను మెచ్చుకుంది.

నా అభ్యంతరం యంత్రం మీద కాదు, దాని మూత మీద అంటించే స్టిక్కరు మీద. ‘ఇది చిరిగితే వారంటీ చెల్లదు’ అని రాసి ఉంటుంది. డబ్బు కట్టింది నేను, ఈఎంఐ కడుతున్నది నేను, మూత తెరవడానికి మాత్రం నాకు అనుమతి లేదు! పది రూపాయల స్విచ్చి పోతే బోర్డు మొత్తం మార్చాలంటారు. బోర్డు దొరకదు, కొత్తది కొనమంటారు. మూడెకరాల రైతుకు ఇలాంటి ఖర్చులు ఏడాదికి నాలుగు వస్తే మినుము మీద మిగిలింది కాస్తా హరించుకుపోతుంది.

కంపెనీల వాదన కూడా వినాలి. మందునీళ్లు, చెమ్మ తగలకుండా బోర్డు మీద బంక పోస్తామంటారు. అది నిజమే. తెలియనివాడు కెలికితే నిప్పంటుకుంటుందంటారు. లిథియం బ్యాటరీ విషయంలో అదీ నిజమే. అయితే బోర్డుకు బంక పోయడానికీ, బ్యాటరీకి ఎక్కడా దొరకని ప్లగ్గు పెట్టడానికీ సంబంధం ఏమిటి? స్విచ్చిని, ఫ్యూజును విడిగా ఊడివచ్చేటట్టు అమర్చడానికి అడ్డమేమిటి? మొదటిది రైతు క్షేమం కోసం. రెండోది కొత్త సరుకు అమ్ముకోవడం కోసం.

విప్పడం వేరు, పగలగొట్టడం వేరు

ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు. ‘రైతు విప్పితే బాగుపడుతుందా? ఉన్నది కాస్తా చెడుతుంది’ అంటారు. దీనికి జవాబు మా ఊరి స్తూపం దిబ్బలోనే ఉంది.

భట్టిప్రోలు బౌద్ధ స్తూపం మోచేతి పొడవు ఇటుకలతో కట్టినది. 19వ శతాబ్దంలో ఆ దిబ్బను కొందరు రోడ్డుకు కంకర కోసం తవ్వారు. చెక్కిన పాలరాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలువ స్లూయిస్ కట్టడంలో కలిసిపోయాయి. వాళ్లకు అది ఇటుకల కుప్ప, అంతే. 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే అదే దిబ్బను పద్ధతిగా, పొర తర్వాత పొర తెరిచాడు. లోపల రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, ధాతువులు. పేటికల మీద క్రీస్తుపూర్వపు బ్రాహ్మీ అక్షరాలు, కుబేరకుడనే రాజు పేరు. ఆ రాతను జర్మన్ పండితుడు బ్యూలర్ చదివి 1894లో ప్రకటించాడు. ఈనాడు భట్టిప్రోలు లిపి అని ప్రపంచమంతా చెప్పుకుంటున్నది అదే.

దిబ్బ ఒక్కటే. పగలగొట్టినవాడికి కంకర దొరికింది. జాగ్రత్తగా విప్పినవాడికి తెలుగునేల మీది అతి పాత రాతల్లో ఒకటి దొరికింది. యంత్రం విషయంలోనూ తేడా ఇదే. రైతుకు పగలగొట్టే హక్కు కావాలని ఎవరూ అడగడం లేదు. పద్ధతిగా విప్పే దారి చూపమంటున్నాం. ఆ దారిని కంపెనీలు మూసేసినప్పుడే రైతు సుత్తి అందుకుంటాడు.

పెరటి పని చిన్నది కాదు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పెరట్లో పుట్టిన పనిముట్టుకూ అదే గతి పడుతోంది. కాని చింతకింది మల్లేశం సంగతి చూడండి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చేనేత కుటుంబం. ఆయన పెద్ద చదువులు చదవలేదు. ఒక చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మమ్మ సుమారు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక ఆయన ఏళ్ల తరబడి కుస్తీపట్టి, చుట్టుపక్కలవాళ్లు ఎగతాళి చేసినా మానకుండా, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గాల ఊరైన మా భట్టిప్రోలులో ఆ బాధేమిటో వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఇలాంటివాళ్లను వెతికి పట్టుకోవడానికి 2000లో అహ్మదాబాదు కేంద్రంగా నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఏర్పడింది. తెలుగు ప్రాంతాల్లో విశ్రాంత బ్రిగేడియర్ గణేశం నడిపించిన పల్లెసృజన సంస్థ ఊరూరా నడిచి, పెరటి పనివాళ్లను వెలుగులోకి తెచ్చింది. అయితే ఒక్కమాట. మల్లేశం గారి వంటివారు వేలల్లో ఒకరు. మిగిలినవాళ్లం కొత్త యంత్రాలు కనిపెట్టం, ఉన్నదాన్ని నడిపించుకుంటాం. అవార్డులు వాళ్లకు ఇవ్వాల్సిందే. మాకు కావలసినవి స్పేరుపార్టులు.

చట్టం ఏమంటోంది?

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో వంద ఎకరాలు దున్నే రైతుకూ ఇదే గొడవ. ట్రాక్టరులో కంప్యూటరు పెట్టి, దాన్ని చదివే సాఫ్టువేరును డీలరు దగ్గరే ఉంచారు. కోత మధ్యలో ట్రాక్టరు ఆగితే డీలరు మనిషి వచ్చేదాకా ఎదురుచూడాలి. అక్కడి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. 2024 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. పార్టులు, పుస్తకాలు, సాఫ్టువేరు రైతుకు, బయటి మెకానిక్కుకు ఇవ్వాల్సిందేనని అది చెబుతోంది.

మన దేశంలో 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ ప్రారంభించింది. మొదట ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. సంతోషమే. కాని పోర్టల్లో కంపెనీలు తమంతట తాము వివరాలు పెట్టడం వేరు, పెట్టకపోతే శిక్ష ఉండే చట్టం వేరు. గట్టుమీద చతికిలబడ్డ బాబాయికి పోర్టల్ వల్ల ఆ రోజు ఒరిగిందేమీ లేదు.

హద్దు ఎక్కడ?

విప్పమంటున్నాను గనుక హద్దు కూడా చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నేను పాత కూలరు మోటారుతో మినుములు తూర్పారబట్టే ఫ్యాను చేశాను. గాలి బ్రహ్మాండంగా వచ్చింది. ఎర్తు తీగ మాత్రం, తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. మర్నాడు తడిచేత్తో మా ఇంటావిడ చట్రం ముట్టుకుంది. చెయ్యి విదిలించుకుని పక్కకు పడబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లారి ఫ్యాను ఊడదీశాను. గుంట తవ్వి ఎర్తు వేయించి, 30 మిల్లీఆంపియర్ల లీకేజి ఉన్నా కరెంటు కట్టేసే బ్రేకరు పెట్టించిన తర్వాతే మళ్లీ షెడ్డులో ప్లగ్గు పెట్టాను.

అందుకని నా హద్దు ఇది. పన్నెండు వోల్టుల దాకా మన చెయ్యి. ఇంటి కరెంటు, త్రీఫేజు లైను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చెయ్యి. ట్రాన్స్‌ఫార్మరు జోలికి డిపార్టుమెంటువాళ్లు తప్ప మరెవరూ పోకూడదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, ఇంట్లో ఉంచకూడదు. ఎలుకల కోసమనో, పందుల కోసమనో చేను చుట్టూ కరెంటు తీగ లాగడం పెరటి తెలివి కాదు, ప్రాణాలు తీసే నేరం. తాము లాగిన తీగకే తాము బలైన రైతుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

అడగవలసినవి

యంత్రాల సబ్సిడీ ప్రజల డబ్బు. ఆ డబ్బు తీసుకునే కంపెనీకి షరతులు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఒకటి: సబ్సిడీపై ఇచ్చే ప్రతి యంత్రం మూత లోపలివైపు తీగల బొమ్మ తెలుగులో అంటించాలి. దేని తర్వాత ఏది విప్పాలో రాయాలి.

రెండు: స్విచ్చి, ఫ్యూజు, ఛార్జింగు సాకెట్టు, పంపు విడివిడిగా మండల కేంద్రంలో దొరకాలి. వాటి ధరలు బిల్లుతోపాటే ఇవ్వాలి. కనీసం ఏడేళ్లు దొరుకుతాయని రాసివ్వాలి.

మూడు: బ్యాటరీ బజారులో దొరికే కొలతకు, ప్లగ్గుకు సరిపోవాలి. అలా కాని సరుకుకు సబ్సిడీ వద్దు.

నాలుగు: బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది, వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. నెలకొకరోజు విద్యార్థులు ఒక మండలానికి వచ్చి రైతుసేవా కేంద్రం దగ్గర బల్ల వేసుకుని కూర్చోవాలి. రైతులు పాడైన పనిముట్లు తెస్తారు. ఇద్దరూ కలిసి విప్పుతారు. ఎవరు ఎవరికి నేర్పుతారో చూద్దాం.

మనవైపు నుంచి చేయాల్సిందీ ఉంది. కొనేటప్పుడు ధర, సబ్సిడీ మాత్రమే అడుగుతున్నాం. ‘స్విచ్చి పోతే విడిగా దొరుకుతుందా? బ్యాటరీ బయట కొనొచ్చా?’ అని కూడా అడగాలి. పదిమంది అడిగితే డీలరు కంపెనీకి చెబుతాడు. దొరకదంటే కొనకుండా వెనక్కి రావాలి.

ఈ పంట అయ్యాక మీ స్ప్రేయరు ఒకసారి చూసుకోండి. ముందు బ్యాటరీ కనెక్షను తీసేయండి. మూత తెరవగానే, ఏదీ ముట్టుకోకముందే, సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. మళ్లీ బిగించేటప్పుడు ఆ ఫొటోయే మీ పుస్తకం. స్క్రూలన్నీ ఒక పళ్లెంలో వేయండి. తీగల చివర పచ్చటి చిలుము కనిపిస్తే గీకి శుభ్రం చేయండి. ఉప్పునీళ్లు గానీ, కలుపుమందు గానీ కొట్టి ఉంటే మంచినీళ్లు పోసి పంపు నడిపి, నాజిల్ కడిగి పెట్టండి. లిథియందైతే బ్యాటరీ డబ్బా జోలికి పోకండి. ఇక తుపాను కబురు వినగానే ఛార్జింగు పెట్టడం మాత్రం నాలాగా మరిచిపోకండి.

మొన్న బాబాయి కొత్త స్ప్రేయరు కొనడానికి తెనాలి వెళ్తూ నన్ను వెంటబెట్టుకెళ్లాడు. కొట్లో కుర్రాడు లీటర్లు, గ్యారంటీ, ఆఫర్లు గడగడా చెప్పుకుపోతున్నాడు. బాబాయి అంతా విని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు.

‘అవన్నీ తర్వాత, ముందు దీని మూత తీసి చూపించబ్బాయ్’ అన్నాడు.